రక్తం ఎక్కువున్న ఇంటి ఆడవాళ్లు

మా అమ్మమ్మకు రెండు గొప్పలు ఉండేవి. తన చేత్తో చుట్టిన కండె దారం మగ్గంలో తెగదన్నది ఒకటి. తన కడుపున పుట్టిన ఆడవాళ్లకు రక్తం ఎక్కువన్నది రెండోది. మొదటిది నిజమే, సోమందేపల్లెలో ఏ మగ్గం ఇంట్లో అడిగినా చెబుతారు. రెండోదాన్ని నమ్మి మా పిన్నమ్మ పోయింది, మా చెల్లెలు పోయింది, నేను చావు గడప దాకా వెళ్లి వచ్చాను.

నాకు రాయడం కొత్త. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, కలం కంటే రాట్నం పిడి ఎక్కువ అలవాటు. మా అమ్మాయి సుజాత ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నెల దాటింది. అది హాయిగా తిరుగుతోంది. నేనే ఉలిక్కిపడుతున్నాను. అది పడుకుంటే వెళ్లి దుప్పటి ఎత్తి చూస్తున్నాను, లేచి నడిస్తే వెనక నేల చూస్తున్నాను. రాస్తే ఈ గుండెదడ తగ్గుతుందేమోనని ఒక ఆశ. ఇంకొకటి కూడా ఉంది. మన వైపు ఇంకా ఎన్ని ఇళ్లలో ఎందరు అమ్మమ్మలు ఇదే గొప్ప చెప్పుకుంటున్నారో నాకు తెలియదు. వాళ్ల మనవరాళ్లలో ఒక్కతె చదివినా నా కాగితాలు దండగ కావు.

1972, సోమందేపల్లె

నేను పెద్దమనిషినైన ఏడాది మా వైపు వానలు లేవు. వేసిన వేరుశెనగ విత్తనం నేలలోనే మాడిపోయింది. మాది మగ్గం ఇల్లు కాబట్టి చేను బాధ లేదనుకునేవాళ్లం గానీ, చీరలు కొనేవాళ్లకు చేలు ఉండాలి కదా. నాయన మగ్గం కూడా చాలా రోజులు ఊరికే ఉండేది.

ఇంటి వెనక మూలన ఈత మట్టలతో దడి కట్టి, లోపల చాప వేసి నన్ను కూర్చోబెట్టారు. ఎవరికైనా ఆగాక స్నానం చేయించి, హారతి పట్టి, ఇంట్లోకి పిలుస్తారు. నాకు ఆగలేదు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. పచ్చగా ఉన్న ఈత మట్టలు ఎండి గాలికి గలగలమనడం మొదలుపెట్టాయి. పేరంటానికి వచ్చిన చుట్టాలు తిరిగి వెళ్లిపోయారు. లేచి నిలబడితే కళ్లముందు చీకట్లు కమ్మేవి. అమ్మ దడి అవతల నిలబడి కళ్లనీళ్లు పెట్టుకునేది, ముట్టుకోవడానికి లేదు. అమ్మమ్మ మాత్రం నవ్వింది.

"ఏంటికే భయపడతావు? నాకూ ఇట్లనే అయ్యింది, నీకూ ఇట్లనే అయ్యింది. మన ఇంటి ఆడోళ్లకు రక్తం ఎక్కువ. ఉండేదానికే గదా పోయేది" అని అమ్మతో అంది.

పక్కింటామెతో అయితే ఇంకా ఉషారుగా చెప్పింది. "కరువంతా చేన్లకేనమ్మా, మా పిల్లకు లేదు" అని ఇద్దరూ నవ్వుకున్నారు.

రక్తం ఎక్కువైన పిల్లకు వేడి చేసేవి పెట్టకూడదు. అది ఆ గొప్ప వెంట వచ్చిన పథ్యం. నా ఈడు పిల్లలకు నువ్వులు బెల్లం దంచిన చిమ్మిలి, ఎండుకొబ్బరి, నెయ్యి పెట్టి పెంచారు. నాకు పలుచటి మజ్జిగ, సబ్జా నీళ్లు, చప్పటి సంగటి. పండగకు మాంసం వండితే నా తట్టలోకి ముక్క వచ్చేది కాదు. కుండ కారుతోంటే నీళ్లు ఎక్కువయ్యాయనుకుని పోసేది మానేశారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, నా మీద ప్రేమతోనే అంతా చేశారు.

ఆ రోజుల్లోనే నాకు మట్టి మీద మనసు పోయింది. పట్టు దారం ఎండకు తెగకుండా నాయన మగ్గం గుంటలో నీళ్లు చల్లేవాడు. ఆ తడి వాసన తగిలితే నోరు ఊరేది. ఎవరూ చూడకుండా గోడ పెళ్ల గిల్లి నోట్లో వేసుకునేదాన్ని. ఒకసారి మా చెల్లెలు సరోజ చూసింది. నాకంటే నాలుగేళ్లు చిన్నది. అమ్మతో చెబుతుందనుకుంటే, తనకూ ఒక పెళ్ల కావాలని చెయ్యి చాపింది. ఇద్దరం దడి పక్కన కూర్చుని మట్టి చప్పరిస్తూ పగలబడి నవ్వాం.

మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్నమ్మ, నాకు ఊహ తెలియని రోజుల్లోనే కాన్పులో పోయింది. ఆమెకూ రక్తం ఎక్కువేనని అమ్మమ్మ చెప్పేది.

1976, ధర్మవరం

నన్ను ధర్మవరంలో ఇచ్చారు. మా ఆయన ఓబులేసు నెమ్మదస్తుడు, చేతిలో మంచి పనితనం ఉన్నవాడు. మా అత్త గంగమ్మ ఆ ఇంటికి వెన్నెముక. వీధి గడప దాటగానే పట్టు మగ్గాలున్న గది, దాని వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు, పెరట్లో కట్టెలు పెట్టుకునే రేకుల పంచ. పెరటికి మూడు వైపులా పక్కిళ్ల గోడలు. వీధిలోకి రావాలంటే మగ్గం గదిలోంచే రావాలి, వేరే దారి లేదు. ఈ దారి సంగతి గుర్తుపెట్టుకోండి, నా జబ్బు సగం ఈ దారిలోనే ఉంది.

మగ్గం మాకు దేవత. పొద్దున మొక్కి గుంటలో కాలు పెడతాం. ముట్టైన మనిషి ఆ గదిలోకి రాకూడదు, పట్టు తాకకూడదు, ఆమె నీడ పడితే పోగులు తెగుతాయని నమ్మకం. వేరేవాళ్లకు అది మూడు రోజుల సంగతి. నాకు నెలలో సగం పైనే. ఆ రోజులన్నీ రేకుల పంచలో. ఎండాకాలం ధర్మవరంలో రేకుల కింద కూర్చున్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అత్త అన్నం తట్టను కర్రతో నా వైపు తోసేది. ఆమెను తిట్టను. ఆమె అత్త ఆమెకూ అట్లాగే తోసింది.

"కోడలొస్తే కండెలు చుడతాదనుకుంటి. ఈమె పంచలో కాపరం పెట్టింది" అని వీధిలో వాళ్లతో అనేది. అందరూ నవ్వేవాళ్లు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

మరుసటి ఏడు సుజాత పుట్టింది. సోమందేపల్లెలోనే కాన్పు. బిడ్డ పడిన రోజు బాగానే ఉన్నాను. వారం దాటాక మొదలైంది, ఇక ఆగలేదు. పురుటి మైల కాబట్టి మంత్రసాని తప్ప ఎవరూ ముట్టరు. చాప మార్చడానికి కూడా ఆమె వచ్చేదాకా ఎదురుచూసేదాన్ని. అప్పుడు ఎట్లా బతికానో నాకే తెలియదు. బిడ్డ పాలకు ఏడిస్తే, దాన్ని ఎత్తుకునే బలం లేక, పక్కకు తిరిగి రొమ్ము అందించి కళ్లు మూసుకున్నది మాత్రం గుర్తుంది.

మా ఆయన చూడలేక ఒకసారి ఆసుపత్రికి తీసుకుపోతానన్నాడు. ఎప్పుడు? ముట్టు ఆగి, స్నానమై, మగ్గం గది దాటి వీధిలోకి రాగలిగినప్పుడు. అంటే జబ్బు కనబడనప్పుడు. ఆడవాళ్ల వార్డు బయట బెంచీ మీద పొద్దంతా కూర్చున్నాం. లేడీ డాక్టరు నా కంటి కింద రెప్ప లాగి చూసి, "రక్తమే లేదు కదమ్మా నీకు" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఇంట్లో ఎక్కువంటారమ్మా అన్నాను. ఆమెకు నేను వేళాకోళం ఆడుతున్నట్టు తోచి ఉంటుంది.

"నెలసరి ఎక్కువ పోతుందా?" అని అడిగింది.

"అందరికీ పోయినంతేనమ్మా" అన్నాను.

దాచి చెప్పిన మాట కాదు. నేను చూసింది మా అమ్మను, మా అమ్మమ్మను. మా ఇంట్లో అందరికీ అంతే పోయేది. మా ఇంటి కొలతే నాకు లోకం కొలత. పోనీ ఆ రోజు రక్తం కారుతూ ఆమె ముందు నిలబడి ఉంటే, నేను నోరు తెరవాల్సిన పనే లేదు. ఆమె మాత్రలు రాసింది. ఇంటికొచ్చాక అత్త అవేమని అడిగింది. రక్తం పెంచే మాత్రలంట అని మా ఆయన చెప్పాడు.

"ఉండే రక్తమే ఆగకుంటే ఇంకా పెంచుతారంటనా? ఆ డాక్టరమ్మకు పిచ్చి పట్టింది" అని అత్త మాత్రలన్నీ పొయ్యి బూడిదలో పోసేసింది.

1981, యాడికి

సరోజను యాడికిలో ఇచ్చారు. తొలి కాన్పు అత్తగారింట్లోనే అయింది. మగబిడ్డ. మేమంతా సోమందేపల్లెలో చేరి బారసాలకు వెళ్లాలని చీరలు సర్దుకుంటున్నాం. "పిల్లకు బాగలేదంట, ఉన్నపళంగా రమ్మన్నారు" అని యాడికి నుంచి ఒకాయన వచ్చి చెప్పాడు.

నేనూ, అమ్మా, అమ్మమ్మా వెళ్లేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గుమ్మానికి వేపరెమ్మలు కట్టి ఉన్నాయి. సరోజ చీకటి గదిలో చాప మీద ఉంది. కింద పాత బట్టలు, ఆ బట్టల కింద తడి పీల్చడానికి బూడిద. ఆమె మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తాడిపత్రి ఆసుపత్రికి తీసుకుపోదాం, బండి కట్టించు మామా అని నేను కాళ్లు పట్టుకున్నాను.

"పురిటి స్నానం కానీమ్మా, పిల్చుకపోదాం. నేనేమన్నా వద్దంటినా? మైలమనిషిని బండెక్కించుకునేదానికి ఎవురొస్తారు చెప్పు. ఊర్లో అందరినీ అడిగినా" అన్నాడు. నిజంగానే అడిగాడు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

నేను లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాను. మైల సంగతి ఆ రోజు నాకు గుర్తు రాలేదు. సరోజ కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. పెదవులు గోడకు కొట్టిన సున్నంలా ఉన్నాయి.

"అక్కా, గోడ పెళ్ల ఒకటి ఇయ్యి" అంది.

గిల్లి ఇచ్చాను. నోట్లో పెట్టుకుంది. చప్పరించే ఓపిక లేదు, ఊరికే నాలుక మీద ఉంచుకుంది. సాయంత్రానికి పోయింది. ఆ మట్టి ఇంకా పూర్తిగా కరగలేదు, అమ్మ వేలితో తీసింది.

ఆ తర్వాత అందరూ ఆమెను ముట్టుకున్నారు. స్నానం చేయించారు, పసుపు పూశారు, నలుగురు ఎత్తారు. ప్రాణం ఉండగా దొరకని మనుషులు అప్పుడు దొరికారు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఈరోజుకీ చల్లారలేదు, చల్లారకూడదనే నా కోరిక.

అమ్మమ్మ ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టింది. అలవాటైన మాటే. అమ్మ మధ్యలోనే తిరగబడింది. "రక్తం ఎక్కువైతే నా బిడ్డ మొహంలో ఒక్క చుక్కన్నా ఉండకూడదామ్మా? చూడు, ఈ మొహం చూసి చెప్పు" అంది. అమ్మమ్మ చూసింది. మళ్లీ ఆమె నోట ఆ గొప్ప నేను వినలేదు.

1983, అనంతపురం

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఉన్న నీరసానికి తోడు దవడ పన్ను నొప్పి లేచింది. బజారులో పళ్లు పీకే ఆయన దగ్గరకు వెళ్లాం. పన్ను సులువుగానే వచ్చింది, రక్తం మాత్రం ఆగలేదు. దూది కుక్కారు, పసుపు పెట్టారు, కాఫీపొడి పెట్టారు. తెల్లవారేసరికి తలగడ తడిసిపోయి ఉంది. చెంబులో ఉమ్మితే గడ్డలు గడ్డలుగా పడింది.

ఇల్లంతా కదిలింది. నాకు వింత అనిపించింది అదే. ఇంతకు ఎన్నో రెట్లు నెలనెలా పోయింది, ఎవరూ కదలలేదు. ఇప్పుడు అత్త నా తల ఒళ్లో పెట్టుకుని తన కొంగుతో మూతి తుడుస్తోంది. కొంగు ఎర్రగా తడిసినా పట్టించుకోలేదు.

"నా బిడ్డకేమాయరా ఓబులేసూ, ఇట్ల కారిపోతాండాదే! బస్సు చూడుపో" అని ఏడ్చింది.

ఆమె నన్ను బిడ్డ అనడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. ఒంట్లో ఉండేది ఒకటే రక్తం కదా, పై నుంచి వస్తే రోగం, కింద నుంచి వస్తే అంటా? ఈ మాట అడగడానికి నోట్లో దూది ఉంది. మగ్గం గదిలోంచే నన్ను నడిపించుకుపోయారు. ఒక చుక్క మగ్గం మీది పడుగు దారాల పక్కన నేల మీద పడితే మా మరిది కాలితో తుడిచేశాడు.

అనంతపురం ఆసుపత్రి వరండాలో రోగులు నేల మీద కూడా పడుకుని ఉన్నారు. మేం ఒక స్తంభం పక్కన చోటు చేసుకున్నాం. రక్తం ఎక్కించాలి, మీవాళ్లు ఇవ్వాలి అని చెప్పారు. మా ఆయనది నాకు సరిపడలేదు. మాతో వచ్చిన మరుదులిద్దరూ టీ తాగి వస్తామని వెళ్లారు, అదే పోవడం. రక్తం ఇస్తే మగ్గం తొక్కే బలం పోతుందని వాళ్ల భయం. మా వీధిలో పట్టుకు రంగులేసే మస్తాన్, తోడుగా ఉంటానని మాతో బస్సెక్కాడు. మోచేతుల దాకా ఎర్రరంగు ఎక్కిన మనిషి. సోడా అంగడి నుంచి ఊక చుట్టిన మంచుగడ్డ తెచ్చి నా దవడకు పెట్టమని ఇచ్చినవాడు అతనే.

"నాది చూడండి సార్. వదినా, చేతులు చూసి భయపడొద్దు. బయటిది రంగు, లోపలిది మంచిదే" అన్నాడు. అతనిది సరిపోయింది.

కుర్ర డాక్టరు ఒకాయన మా ఆయనను అడిగాడు, ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా రక్తం పోయిందా అని. "లేదు సార్, ఇదే మొదలు" అని మా ఆయన చెప్పాడు. ఆయన ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. ముట్టు ఆయన లెక్కలో రక్తం పోవడం కాదు, అది ఆడవాళ్ల సంగతి. నాకు తెలుసు, కానీ నోట్లో దూది. దూది లేకున్నా అంతమంది మగవాళ్ల ముందు ఆ మాట అనేదాన్ని కాదు, ఎందుకు బడాయి. డాక్టరు వెళ్లబోతూ, ఇంట్లో పనులు బాగా చేసుకునేదా అని అత్తను ఊరికే అడిగాడు.

వరండాలో పొద్దంతా కూర్చుని విసిగిపోయిన మా అత్తకు అంతే చాలు.

"ఏం పనులు సార్! నెలలో సగం దినాలు బయటే కూర్చుంటాది. ఒక్క కండె చుట్టదు. ఒకసారి మొదలైతే ఇంగ ఆగేది లేదు. దీని అమ్మా ఇంతే, దీని చెల్లెలూ ఇంతే. అది పురుట్లో ఆగకనే చచ్చిపాయె. ఏం వంశమో ఏమో, మాకు అంటగట్టినారు."

డాక్టరు ఆగిపోయాడు. "మళ్లీ మొదటినుంచి చెప్పమ్మా" అన్నాడు. తన కష్టం వినే మనిషి ఒకడు దొరికాడని అత్త ఉత్సాహంగా మొదటినుంచి చెప్పింది. పంచ సంగతి, మా పిన్నమ్మ సంగతి, బూడిదలో పోసిన మాత్రల సంగతి కూడా. అన్నేళ్లూ అత్త నా మీద వీధిలో చెప్పిన చాడీలే ఆ రోజు నా ప్రాణం కాపాడాయి.

బెంగుళూరుకు పంపారు. అక్కడ చెవి తమ్మెకు చిన్న పోటు పొడిచి, మెత్తటి కాగితంతో చుక్కచుక్క అద్దుతూ గడియారం చూస్తూ కూర్చున్నారు. వేరేవాళ్ల కాగితం మీద నాలుగు చుక్కలుంటే నా కాగితం నిండిపోయింది, ఇంకోటి తెచ్చారు. ఇంకేవో పరీక్షలు కూడా చేశాక పెద్ద డాక్టరమ్మ కన్నడం కలిసిన తెలుగులో నిదానంగా చెప్పింది. నీకు రక్తం ఎక్కువ కాదు, రక్తం గడ్డకట్టడానికి ఉండాల్సిన సరుకు ఒకటి తక్కువ. ఇది అమ్మ నుంచి బిడ్డకు వస్తుంది.

"కాన్పులో అయితే ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

"ముందే తెలిస్తే ఆ సరుకు ఉన్న ప్లాస్మా ఎక్కిస్తాం. చాలామంది బతుకుతారు" అంది.

ముందే తెలిస్తే. రైల్లో ఆ మాటే తల్చుకుని పెనుకొండ దాకా ఏడ్చాను. సోమందేపల్లెకు వెళ్లి అమ్మమ్మకు చెప్పాను. ఆమె రాట్నం తిప్పడం ఆపకుండానే, "అయితే నేనే ఇచ్చినానా అమ్మీ?" అని అడిగింది.

1989, ధర్మవరం

బెంగుళూరు నుంచి వచ్చాక మాత్రలు మింగుతూ, బెల్లం, ఆకుకూర, మాంసం తింటూ నేను మనిషినయ్యాను. అత్తే చిమ్మిలి దంచి పెట్టింది. దవాఖానావాళ్లు చెప్పారు కాబట్టి ఆమెకు అభ్యంతరం లేదు. అయినా పంచ పంచగానే ఉంది. ముక్కు నుంచి, చేతి నుంచి కారితే అది జబ్బు. నెలనెలా వచ్చేది ముట్టు. అది వేరు. నేను ఎంత చెప్పినా ఈ రెండూ అత్త బుర్రలో కలవలేదు, మా ఆయన బుర్రలోనూ కలవలేదు.

సుజాతకు కూడా పరీక్ష చేయించాను. దానికీ ఉంది. ఇది పెద్దమనిషి అయినప్పుడు జాగ్రత్త, ఎక్కువైతే ఒక్క పూట కూడా ఆలస్యం చేయొద్దు అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అప్పటినుంచి పిల్ల ఎదుగుతుంటే అందరు తల్లులకూ ముచ్చట, నాకు వణుకు.

ఈ ఏడాదే పెద్దమనిషి అయింది. పంచలో ఈత మట్టల దడి కట్టారు. నేను ఇచ్చిన మాత్రలకు మొదట తగ్గినట్టే ఉంది. వారం తిరగకముందే ఒక్కసారిగా పోటెత్తింది. మధ్యాహ్నం నేను దడిలోకి వెళ్లేసరికి చాప తడిసి, తడి నేల మీదకు వచ్చింది. సుజాత కళ్లు తేలిపోతున్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. యాడికిలో సరోజ పెదవులు ఏ రంగులో ఉన్నాయో, దీని పెదవులు ఆ రంగుకు వచ్చాయి.

పరుగెత్తి మగ్గం గది గడప ఇవతల నుంచే మా ఆయనకు చెప్పాను. ఆయన మగ్గం గుంటలోనే ఉన్నాడు. మగ్గం మీద పెళ్లి పట్టుచీర, సగం నేసి ఉంది.

"ఎల్లుండి స్నానం గదా. సోమందేపల్లె నుంచి మీవాళ్లంతా వస్తాండారు. అంతదాకా మాత్రలియ్యి" అన్నాడు. "ముట్టు పిల్లను ఈ గదిలోంచి యాడ దాటిచ్చేది నాగరత్నా? అమ్మనడుగు" అన్నాడు.

అత్త వాకిట్లో నువ్వులు చెరుగుతోంది. మనవరాలి చిమ్మిలికే.

నేను కొట్లాడొచ్చు. ఎట్లా జరుగుతుందో నాకు తెలుసు. అరుపులు, ఇరుగుపొరుగు గుమిగూడటం, పెద్దమనుషులు, నీ మొగుడు చెప్పినట్టు వినమ్మా అనడం. చివరికి నేనే గెలుస్తానేమో, కానీ పొద్దు గూకుతుంది. నా బిడ్డకు అంత పొద్దు లేదు. పంచలోకి తిరిగి వెళ్లాను. ఉతికిన గుడ్డ ఒకటి మడిచి సుజాత నోటికి అడ్డం పెట్టాను. నా గొంతు నాదేనా అనిపించేటట్టు అరిచాను.

"అత్తా! పిల్లకు నోట్లోంచి రక్తం పడతాండాది!"

మా ఆయన గుంటలోంచి ఎట్లా లేచాడో తెలియదు. దడి తోసేసుకుని వచ్చి బిడ్డను రెండు చేతులా ఎత్తాడు. కాళ్లకు పాత దుప్పటి చుట్టాను. మగ్గం గదిలోంచి, పెళ్లిచీర పక్కనుంచి దాన్ని దాటించాడు. ఎవరూ ఆగమనలేదు. అత్త చేట కింద పారేసి వెంట పడింది. అరుపులు విని వచ్చిన మస్తాన్ ముందు పరుగెత్తి అనంతపురం బస్సుకు అడ్డం నిలబడ్డాడు.

బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుని సుజాతను ఒళ్లో వేసుకుంది. నేను పక్కన. మా ఆయన వెనక నిలబడ్డాడు. ఊరు దాటాక అత్త పిల్ల నోటి మీది గుడ్డ తీసి చూసింది. గుడ్డ తెల్లగా ఉంది. వేలితో పెదవి తెరిచి లోపల చూసింది. ఏమీ లేదు. తర్వాత తన ఒళ్లోకి చూసుకుంది. చీర మోకాళ్ల దాకా ఎర్రగా తడిసి ఉంది.

తల ఎత్తి నన్ను చూసింది. నా జన్మలో ఎవరికీ అంత భయపడలేదు. ఆమె ఒక్క మాట బయటకు అంటే మమ్మల్ని ఆ బీడు నేలలో దించేస్తారు. చెట్టు కూడా లేని చోటు.

కండక్టరు వచ్చాడు. సీటు కింద చూశాడు. "ఏమవ్వా, ఇదేంది ఇదంతా? ఏమయ్యింది పిల్లకు?" అన్నాడు. ముందు సీట్ల వాళ్లందరూ వెనక్కి తిరిగారు.

అత్త కొంగు విప్పి సుజాత నడుము చుట్టూ కప్పింది. ఆ తెల్లటి గుడ్డను ఒళ్లోని తడికి ఒకసారి అద్ది, ఎర్రబడిన గుడ్డను తన చేత్తోనే మళ్లీ పిల్ల నోటి దగ్గర పెట్టింది.

"నోట్లోంచి పడతాండాది నాయనా. యాడా నిలపకుండా పోనీయప్పా, నీకు పుణ్యముంటాది" అంది.

బస్సు ఆగలేదు. ఆసుపత్రిలో ప్లాస్మా ఎక్కించారు, రక్తం ఎక్కించారు. ఈసారి మా ఆయన రక్తం బిడ్డకు సరిపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని చెప్పారు. ఆ మాట విని మా ఆయన వరండా స్తంభానికి తల ఆనించుకుని ఏడ్చాడు.

బస్సులో జరిగినదాని గురించి నేనూ అత్తా ఈరోజు వరకు మాట్లాడుకోలేదు. ఇంటికి రాగానే ఆమె తలస్నానం చేసింది, కొన్నాళ్లు మగ్గం జోలికి రాలేదు. ఒంట్లో బాగలేదని చెప్పింది. అడిగినవాళ్లందరికీ మనవరాలికి నోట్లోంచి పడిందనే చెప్పింది. పంచ ఇంకా అట్లాగే ఉంది. నమ్మకాలు మారాయని, అందరికీ కళ్లు తెరుచుకున్నాయని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. మీ ఇంట్లో పిల్లకు ఆగకపోతే అది పుష్టి కాదు, వేడి కాదు, వంశం గొప్ప అంతకంటే కాదు. తీసుకుపొండి. ఉన్నమాట చెప్పి తీసుకుపోగలిగితే మంచిదే. లేకుంటే ఏదో ఒక మాట చెప్పి తీసుకుపొండి.

పోయిన వారం వెనక వీధి నుంచి ఒకామె మా అత్త దగ్గరకు వచ్చింది. కూతురికి ఈమధ్యే కాన్పయింది, ఇంకా పురుడు తీరలేదు. వంటింట్లో కూర్చుని చెవిలో ఏదో చెప్పింది, ఏడ్చింది. నేను పెరట్లో కండెలు చుడుతున్నాను. అత్త గొంతు నాకు వినబడింది.

"స్నానం దాకా కూసోవద్దు. నోట్లోంచి అని చెప్పు పో. అంతే. ఎవురూ అడ్డం రారు."

ఆమె కూతురు ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది.